మీ కాలేజీ ఐసీసీలో ఎవరున్నారో తెలుసా? కన్సెంట్, కంప్లైంట్, మూడు నెలల గడువు

ఈ ఎపిసోడ్ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో లైంగిక వేధింపులకి సంబంధించిన రూల్స్ గురించి. రూల్స్ అనగానే స్కిప్ కొట్టకండి. ఈ రూల్స్‌లో ఒక గడువు ఉంది. అది మనకెవరూ చెప్పరు, చెప్పకుండానే అయిపోతుంది. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

ముందు ఒక చిన్న పని చేయండి. ఇది ఫోన్‌లోనే చూస్తున్నారు కదా. ఇంకో ట్యాబ్‌లో మీ కాలేజీ వెబ్‌సైట్ తెరిచి ఐసీసీ అని వెతకండి. క్రికెట్ ఐసీసీ కాదండీ, ఇంటర్నల్ కంప్లైంట్స్ కమిటీ. అంతర్గత ఫిర్యాదుల కమిటీ. పేజీ దొరికితే అందులో పేర్లున్నాయా, ఫోన్ నంబర్ ఉందా, స్టూడెంట్స్ ఎవరైనా ఉన్నారా చూడండి. చాలా సైట్లలో ఈ పేజీ న్యాక్ వాళ్లు వచ్చినప్పుడు చూపించుకోవడానికి పెట్టినట్టే ఉంటుంది. స్కాన్ చేసిన ఒక పీడీఎఫ్, అదీ పక్కకి తిరిగి.

అసలు ఇది ఎక్కడినుంచి వచ్చిందో రెండు ముక్కల్లో. 1992లో రాజస్థాన్‌లో భన్వరీ దేవి అనే ప్రభుత్వ పథకం కార్యకర్త, బాల్య వివాహం ఆపడానికి ప్రయత్నించినందుకు సామూహిక అత్యాచారానికి గురైంది. ఆ నేపథ్యంలో వేసిన పిటిషన్ మీద 1997లో సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. మన వైజాగ్ కాదు, పిటిషన్ వేసిన సంస్థ పేరు విశాఖ. 1999లో ఢిల్లీ జేఎన్‌యూలో జీఎస్‌క్యాష్ అని ఒక కమిటీ పెట్టారు. అందులో విద్యార్థులు ఎన్నికల్లో గెలిచి కూర్చునేవాళ్లు. 2013లో పార్లమెంటు పోష్ చట్టం తెచ్చింది. దాన్ని కాలేజీలకి అన్వయిస్తూ యూజీసీ 2015 పేరుతో నిబంధనలు రాసింది, అవి 2016 మేలో అమల్లోకి వచ్చాయి. ఆ మరుసటేడే, 2017లో జేఎన్‌యూ తన జీఎస్‌క్యాష్‌ని తీసేసి ఐసీసీ పెట్టింది. విద్యార్థులు చాలా గొడవ చేశారు. చట్టం పేరు చెప్పి, చట్టం కంటే ముందే బాగా నడుస్తున్నదాన్ని తీసేశారని వాళ్ల బాధ. నాకూ అలాగే అనిపిస్తుంది.

సరే, ఇప్పుడు కన్సెంట్.

యూజీసీ నిబంధనల్లో మొదట చాలా నిర్వచనాలు ఉంటాయి. క్యాంపస్ అంటే ఏంటి, విద్యార్థి అంటే ఎవరు, వేధింపు అంటే ఏంటి, అన్నీ ఉంటాయి. కన్సెంట్ అంటే ఏంటో మాత్రం ఉండదు. వాళ్లు వాడిన మాట అన్‌వెల్‌కమ్. అవతలి వ్యక్తికి ఇష్టం లేనిది అని. ఇది మంచి మాటే. ఎందుకంటే చేసినవాడు ఏమనుకుని చేశాడన్నది కాకుండా, ఎదుటి మనిషికి ఎలా అనిపించిందన్నది చూస్తుంది. కానీ "ఆమెకి ఇష్టం లేదని నాకేం తెలుసు?" అనే ప్రశ్నకి ఈ మాట పూర్తి జవాబు చెప్పదు. ఆ జవాబు నేర్పాల్సింది కాలేజీ. ఫ్రెషర్స్ ఓరియంటేషన్‌లో అటెండెన్స్ శాతం, డ్రెస్ కోడ్, ర్యాగింగ్ అఫిడవిట్ గురించి గంట చెప్తారు. దీని గురించి పది నిమిషాలు చెప్పరు.

మరి మనం ఎక్కడ నేర్చుకుంటున్నాం? ఒకటి సినిమా. హీరో వెంటపడతాడు, వద్దంటుంది, ఇంకా వెంటపడతాడు, సెకండాఫ్‌లో పాట. రెండోది హాస్టల్ రూమ్. మూడోది మన భాషే. మౌనం అర్ధాంగీకారం అంటాం కదా. పెళ్లిచూపుల్లో అమ్మాయి తలొంచుకుని కూర్చుంటే సిగ్గు పడుతోంది, ఒప్పుకున్నట్టే అనేస్తారు. ఆ పిల్ల లోపల ఏమనుకుంటోందో ఎవరడిగారు?

చట్టంలో అర్ధాంగీకారం లేదు. ఇది బాగా వినండి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 63, పాత ఐపీసీలో అయితే 375. సమ్మతి అంటే ఏంటో అందులో రాసి ఉంది. 2012 డిసెంబర్ ఢిల్లీ ఘటన తర్వాత 2013లో చేసిన సవరణతో వచ్చింది. తేలిక తెలుగులో చెప్తే, సందేహానికి చోటు లేకుండా, తనంతట తానుగా ఒప్పుకోవడం. మాటతోనో సైగతోనో ఇంకో రకంగానో, ఆ ఫలానా పనికి తను సిద్ధంగా ఉన్నానని తెలియజేయడం. "ఆ ఫలానా పనికి" అన్నది గమనించండి. సినిమాకి వచ్చింది కాబట్టి, రూమ్‌కి వచ్చింది కాబట్టి, ముద్దుకి ఒప్పుకుంది కాబట్టి అంటే కుదరదు. ఒకదానికి చెప్పిన సరే ఇంకోదానికి చెల్లదు. పెనుగులాడలేదు, అరవలేదు అన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు లెక్కేయకూడదని కూడా అక్కడే రాసి ఉంది.

మన తెలుగులో ఇంకో చిక్కుంది. "సరే" అనడం వేరు, "సరేలే" అనడం వేరు. ఆ చివర్లో "లే" ఉంది చూశారా, అందులో విసుగు ఉంటుంది, భయం ఉంటుంది, గొడవెందుకులే అనే అలసట ఉంటుంది. తెలుగు వచ్చిన ఎవరికైనా ఈ తేడా చెవికి తెలుస్తుంది. రూమ్మేట్ బైక్ అడిగితే "సరేలే తీస్కో" అంటే వాడికి ఇవ్వడం ఇష్టం లేదని మనకి వెంటనే అర్థమవుతుంది కదా. అమ్మాయి విషయానికి వచ్చేసరికి అర్థం కాలేదంటే నేను నమ్మను. "బతిమాలి బతిమాలి ఒప్పించాను రా" అని గొప్పగా చెప్పుకునే వాళ్లుంటారు. ఒప్పించడానికి నాలుగు గంటలు పట్టిందంటే, ఆ నాలుగు గంటలూ ఆమె వద్దనే చెప్తోంది.

కోర్టులు ఎప్పుడూ ఇంత స్పష్టంగా ఉన్నాయా అంటే, లేవు. 2017లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో నిందితుణ్ని నిర్దోషిగా వదిలింది. ఫిర్యాదు చేసింది అమెరికా నుంచి పీహెచ్‌డీ పని మీద వచ్చిన రీసెర్చ్ స్కాలర్. ఆమె వద్దనుకున్న సంగతి అతనికి తెలిసేలా చెప్పిందా లేదా అన్నది సందేహం కాబట్టి ఆ సందేహం ఫలితం అతనికే ఇచ్చారు. దాన్ని సుప్రీంకోర్టు కూడా మార్చలేదు. ఆ తీర్పులో గొంతు పెగలని బలహీనమైన "నో" కొన్నిసార్లు "ఎస్" కూడా కావచ్చు అనే అర్థం వచ్చే మాటలు ఉన్నాయి. దాని మీద చాలా విమర్శ వచ్చింది. రావాలి కూడా. చట్టం "ఎస్ ఉందా" అని అడుగుతుంటే, కోర్టు "నో గట్టిగా చెప్పిందా" అని అడిగింది. రెండూ ఒకటి కాదు.

ఈ తేడా మీద అమెరికాలో పెద్ద చరిత్రే ఉంది. ఒహాయోలో యాంటియాక్ అనే చిన్న కాలేజీ 1990ల మొదట్లో ఒక రూల్ పెట్టింది. దగ్గరయ్యే ప్రతి మెట్టు దగ్గరా నోటితో అడగాలి, అవతలివాళ్లు నోటితో చెప్పాలి అని. దేశమంతా నవ్వింది. 1993లో సాటర్డే నైట్ లైవ్‌లో దాని మీద కామెడీ స్కిట్ కూడా వేశారు. 2014 వచ్చేసరికి కాలిఫోర్నియా రాష్ట్రం దాదాపు అదే ఆలోచనతో చట్టం చేసింది. రాష్ట్ర నిధులు తీసుకునే కాలేజీలు "స్పష్టంగా, స్పృహతో, ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటేనే సమ్మతి" అనే పాలసీ పెట్టుకోవాలి. మౌనం సమ్మతి కాదు. ముందు నుంచి రిలేషన్‌లో ఉన్నారన్నది కూడా సమ్మతి కాదు. మరుసటేడు న్యూయార్క్ కూడా అలాంటిదే తెచ్చింది.

ఇది మీకెందుకు చెప్తున్నానంటే, మన దగ్గర్నుంచి ఎమ్మెస్‌కి వెళ్లేవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. అక్కడ చేరగానే ఈ విషయం మీద ఆన్‌లైన్ ట్రైనింగ్ పంపిస్తారు. మనవాళ్లు నెక్స్ట్, నెక్స్ట్ కొట్టేసి సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకుంటారు. అలా చేయకండి. అక్కడ యూనివర్సిటీలో సస్పెన్షన్ అంటే సస్పెన్షన్‌తో ఆగదు, వీసా మీదికి కూడా రావచ్చు. అలాగే మీకే అన్యాయం జరిగితే ఏ ఆఫీసుకి వెళ్లాలో కూడా ఆ ట్రైనింగ్‌లోనే ఉంటుంది, టైటిల్ నైన్ ఆఫీస్ అని. ఆ ఆఫీసు నడిచే ఫెడరల్ రూల్స్ మాత్రం ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంటాయి. 2024లో కొత్తవి వచ్చాయి, 2025 జనవరిలో ఒక కోర్టు వాటిని కొట్టేసింది, మళ్లీ 2020 నాటి రూల్సే. వెళ్లేవాళ్లు ఆ టైమ్‌కి ఏది నడుస్తోందో చూసుకోండి.

తిరిగి మన దగ్గరికి. కన్సెంట్ విషయంలో కాలేజీ వయసువాళ్లు మర్చిపోయే మూడు సంగతులు గబగబా చెప్పేస్తాను. ఇంటర్ అయ్యి బీటెక్ ఫస్టియర్‌లో చేరినవాళ్లలో చాలామందికి పదిహేడే. పద్దెనిమిది నిండకపోతే పోక్సో చట్టం వస్తుంది, అక్కడ ఇద్దరికీ ఇష్టమే అన్న మాట చెల్లదు. ఇది సరైనదా కాదా అని పెద్ద చర్చే ఉంది, కానీ ఈరోజుకి చట్టం అదే. రెండోది, తాగి ఏం జరుగుతోందో తెలియని స్థితిలో ఉన్న మనిషి "ఊ" అన్నా అది సమ్మతి కాదు. మూడోది ఫోటోలు. తను ఇష్టపడి పంపిన ఫోటో అయినా, తీయనిచ్చిన వీడియో అయినా, ఇంకొకరికి చూపించడానికి ఒప్పుకోకపోతే, మీరు ఫార్వర్డ్ చేస్తే నేరమే. సెక్షన్ 77 దీన్ని స్పష్టంగా చెప్తుంది. "నాకే పంపింది కదా" అంటే, నీకే పంపింది. నీ గ్యాంగ్‌కి పంపలేదు.

ఇక నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించే చోటు, గైడ్‌కి స్కాలర్‌కి మధ్య. పీహెచ్‌డీ చేసే అమ్మాయిని ఊహించుకోండి. ఫెలోషిప్ కాగితం మీద సంతకం ఆయనది. థీసిస్ సబ్మిట్ చేయాలంటే సంతకం ఆయనది. రేపు ఉద్యోగానికి రికమెండేషన్ లెటర్ ఆయనది. ఆయన రాత్రి పదకొండుకి మెసేజ్ పెట్టి "కాఫీకి రావచ్చుగా" అంటే, ఆమె "ఓకే సర్" అని రిప్లై ఇస్తుంది. రేపు విచారణలో ఆ "ఓకే సర్" స్క్రీన్‌షాట్ బయటికి తీస్తారు, చూశారా ఒప్పుకుంది అని. యూజీసీ నిబంధనలు ఈ పరిస్థితిని గుర్తించాయి. చదువులో మేలు చేస్తానని ఆశ చూపి గానీ, నష్టం చేస్తానని బెదిరించి గానీ అడిగితే, పైకి చెప్పినా చెప్పకపోయినా, అది వేధింపే. విచారణ నడిచేటప్పుడు ఆ మాస్టారు ఆమె పేపర్లు దిద్దకుండా, పనికి మార్కులు వేయకుండా ఆపవచ్చు. ఆమెకి మూడు నెలల దాకా సెలవు ఇవ్వవచ్చు. ఇవి అడిగితే వచ్చేవి. ఇలా అడగవచ్చని మాత్రం ఎవరూ చెప్పరు.

నిబంధనల్లో మీకు పనికొచ్చేవి ఇంకా ఉన్నాయి. కమిటీ చైర్‌పర్సన్ సీనియర్ మహిళా ఫ్యాకల్టీ అయి ఉండాలి. సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు. బయటి నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ మనిషి. కేసులో విద్యార్థులు ఉంటే కమిటీలో ముగ్గురు విద్యార్థులు కూర్చోవాలి, ఒకరు డిగ్రీ నుంచి, ఒకరు పీజీ నుంచి, ఒకరు రీసెర్చ్ నుంచి. అదీ ఎన్నుకున్నవాళ్లు, ప్రిన్సిపాల్ వేలు పెట్టి చూపించినవాళ్లు కాదు. వీసీ, రిజిస్ట్రార్, డీన్, హెచ్‌ఓడీ, వీళ్లెవరూ కమిటీలో ఉండకూడదు. ఇందాక తెరిచారు కదా మీ కాలేజీ పేజీ, ఇప్పుడు మళ్లీ చూడండి. హెచ్‌ఓడీ పేరుందా? ఉంటే ఆ కమిటీ ఏర్పాటే తప్పు.

ఎన్నిక సంగతి చిన్నది కాదు. 2023 అక్టోబర్‌లో హైదరాబాద్ ఇఫ్లూలో విద్యార్థులు రోడ్డు మీద కూర్చున్నప్పుడు, క్యాంపస్‌లో ఒక విద్యార్థిని మీద లైంగిక దాడి జరిగిందన్న కోపం ఒకటైతే, ఫిర్యాదుల కమిటీని సరిగ్గా వేయండి అన్నది ఇంకో డిమాండ్. దాడి జరిగాక కమిటీ గురించి ఎందుకు అంటున్నారని అనుకోవచ్చు. వాళ్లకి తెలుసు, నమ్మకం లేని కమిటీ దగ్గరికి తర్వాతి అమ్మాయి వెళ్లదని.

క్యాంపస్ అంటే గేటు లోపలే కాదు. కాలేజీ బస్సు, ఇండస్ట్రియల్ టూర్, ఇంటర్న్‌షిప్, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు, కల్చరల్ ఫెస్ట్, స్పోర్ట్స్ మీట్ కూడా క్యాంపస్ కిందకే వస్తాయి. "అది బయట జరిగింది, మాకు సంబంధం లేదు" అని చెప్పి పంపించడానికి వీల్లేదు.

నాకు నచ్చిన నిబంధన ఇంకొకటుంది, దాన్ని మన కాలేజీలు రోజూ ఉల్లంఘిస్తాయి. భద్రత పేరు చెప్పి అమ్మాయిల హాస్టల్‌కి అబ్బాయిల హాస్టల్‌కి లేని ఆంక్షలు పెట్టకూడదు. భద్రత అంటే మనుషుల మీద నిఘా, తిరగకుండా కట్టేయడం కాకూడదు. ఇది యూజీసీ రాసిందే. అమ్మాయిలకి సాయంత్రం ఆరున్నరకి గేటు మూసేసి, అబ్బాయిలకి పదిన్నర దాకా తెరిచే కాలేజీలు ఎన్ని ఉన్నాయో మీరే చెప్పండి. ఢిల్లీలో 2015లో పింజ్రా తోడ్ అని అమ్మాయిలు ఉద్యమం నడిపింది దీని మీదే. ఏదైనా ఘటన జరగ్గానే మన దగ్గర మొదట చేసేది ఏంటి? కర్ఫ్యూ టైమ్ ఇంకో అరగంట ముందుకి జరపడం. తప్పు చేసినవాడు బయటే తిరుగుతాడు, శిక్ష మాత్రం హాస్టల్‌లో ఉన్న నాలుగొందల మందికి.

ఇప్పుడు ఆ గడువు దగ్గరికి వద్దాం. ఘటన జరిగిన మూడు నెలల లోపు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. పదేపదే జరిగితే చివరిది జరిగిన రోజు నుంచి మూడు నెలలు. ఎందుకు ఆలస్యమైందో కారణం చెప్తే కమిటీ ఇంకో మూడు నెలలు ఇవ్వవచ్చు. మొత్తం ఆరు నెలలు, అంతే.

ఒక సెమిస్టర్ అనుకోండి. ఇంట్లో చెప్తే చదువు మాన్పించేస్తారన్న భయం, ఫ్రెండ్స్‌కి చెప్తే ఊరంతా తెలుస్తుందన్న భయం, తన తప్పేనేమో అన్న అనుమానం. వీటితోనే ఆరు నెలలు గడిచిపోతాయి. ఒక నిజమైన కేసు చెప్తాను. కోల్‌కతాలో ఒక జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం. లా నేర్పే చోటు. అక్కడ పనిచేసే ఒక టీచర్, వైస్ ఛాన్సలర్ మీద ఫిర్యాదు చేసింది. చివరి ఘటన 2023 ఏప్రిల్, ఫిర్యాదు అదే ఏడాది డిసెంబర్ 26న. గడువు దాటింది. 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు గడువు దాటింది కాబట్టి విచారణకి కుదరదంది. ఆరోపణ నిజమా అబద్ధమా అన్నది తేలనేలేదు. కానీ కోర్టు ఒక విచిత్రమైన పని చేసింది. ఈ తీర్పుని ఆ వైస్ ఛాన్సలర్ తన రెజ్యూమేలో భాగంగా పెట్టుకోవాలంది. దాన్ని చూసి చాలామంది సంతోషించారు. నాకు మాత్రం మింగుడు పడలేదు. ఆరోపణ నిజమైతే రెజ్యూమేలో ఒక కాగితం చాలా తక్కువ. నిజం కాకపోతే విచారణ లేకుండా అదీ ఎక్కువే. విచారణ జరగాల్సింది, జరగలేదు, అంతే. లా ప్రొఫెసర్‌కే ఆరు నెలలు సరిపోకపోతే, ఫస్టియర్ పిల్లకి సరిపోతాయా? ఈ గడువు మార్చాలి. మార్చే దాకా దాన్ని తెలుసుకుని ఉండాలి.

అన్నట్టు, పైనున్న మనిషి మీదే, అంటే సంస్థ అధిపతి మీదే ఫిర్యాదు అయితే కాలేజీ కమిటీ కాకుండా జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ అని ఉంటుంది, అక్కడికి వెళ్లాలి. ఆ టీచర్ వెళ్లింది అక్కడికే.

ఇక "అయితే అబ్బాయిల మాట వినరా, తప్పుడు కేసులు పెడితే?" అని అడిగేవాళ్లకి. ఈ ప్రశ్నని నేను కొట్టిపారేయను. ఫిర్యాదు వచ్చిన ఏడు రోజుల్లో దాని కాపీ మీకివ్వాలి, జవాబు రాయడానికి మీకు పది రోజులుంటాయి, సాక్షుల పేర్లు మీరూ ఇవ్వవచ్చు, రిపోర్ట్ కాపీ మీకూ వస్తుంది, నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీల్ చేసుకోవచ్చు. కావాలని, తెలిసి తెలిసి అబద్ధం చెప్పారని విచారణలో తేలితే ఫిర్యాదు చేసినవాళ్ల మీద చర్య ఉంటుంది. కానీ రుజువు చేయలేకపోవడం అబద్ధం చెప్పినట్టు కాదు. గది లోపల జరిగినదానికి సాక్షుల్ని ఎక్కడినుంచి తెస్తారు?

పద్ధతి పాటించడం అంటే నిందితుడి పక్షాన ఉండటం అనుకునేవాళ్లకి గోవా యూనివర్సిటీ కేసు చెప్పాలి. 2009లో కొందరు విద్యార్థినులు ఒక డిపార్ట్‌మెంట్ హెడ్ మీద ఫిర్యాదు చేశారు. కమిటీ హడావుడిగా మీటింగ్ మీద మీటింగ్ పెట్టి, ఆయనకి సరిగ్గా జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా తేల్చేసింది. ఉద్యోగం పోయింది. ఆయన కోర్టుకెళ్లాడు. 2023లో సుప్రీంకోర్టు, ఈ విచారణ న్యాయంగా జరగలేదు, మళ్లీ చేయండి అని వెనక్కి పంపింది. పద్నాలుగేళ్ల తర్వాత! ఆ అమ్మాయిల గురించి ఆలోచించండి. ఎవరెక్కడున్నారో, ఉద్యోగాల్లో ఉన్నారో, పిల్లల్ని స్కూల్‌కి పంపిస్తున్నారో. మళ్లీ వచ్చి మొదటినుంచి చెప్పాలట. కమిటీ సక్రమంగా చేసుంటే ఆ కేసు అప్పుడే ముగిసేది. అందుకే నిబంధనల్లో 90 రోజులు ఇచ్చారు. కమిటీ 90 రోజుల్లో విచారణ పూర్తి చేయాలి, పది రోజుల్లో రిపోర్ట్ ఇవ్వాలి, కాలేజీ 30 రోజుల్లో చర్య తీసుకోవాలి. ఆ 90 రోజుల్ని పడుకుని గడపకూడదు, పరిగెత్తి పాడుచేయకూడదు.

అబ్బాయిల విషయంలో ఇంకో మాట ఉంది, ఎవరూ ఎత్తనిది. పోష్ చట్టం ఆడవాళ్లకే. యూజీసీ నిబంధనలు మాత్రం కొందరు మగ విద్యార్థులు, ట్రాన్స్ విద్యార్థులు కూడా వేధింపులకి గురవుతారని గుర్తించి, వాళ్లపై జరిగే హింస మీద కూడా కాలేజీ చర్య తీసుకోవాలన్నాయి. సీనియర్లు హాస్టల్‌లో ర్యాగింగ్ పేరుతో చేసేది చాలాసార్లు లైంగిక హింసే, మనం దాన్ని "ఫన్" అని పిలుస్తాం. 2024 జూలైలో కొత్త న్యాయ సంహిత వచ్చినప్పుడు పాత 377ని పూర్తిగా వదిలేశారు. ఇప్పుడు పద్దెనిమిది దాటిన అబ్బాయి మీద అత్యాచారం జరిగితే, దానికంటూ సెక్షన్ లేదు. ఇలాంటి చోట కాలేజీ రూలే చట్టం కంటే ముందుంది. చిత్రంగా ఉంది కదా.

గోప్యత గురించి. పేర్లు బయటపెట్టకూడదని నిబంధన ఉంది, బాధితురాలి పేరు ప్రచురిస్తే సెక్షన్ 72 కింద నేరం. 2024 డిసెంబర్‌లో చెన్నై అన్నా యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక విద్యార్థిని మీద దాడి జరిగింది. ఆ అమ్మాయి ధైర్యంగా పోలీసులకి చెప్పింది. ఆమె వివరాలున్న ఎఫ్‌ఐఆర్ కాపీయే జనంలోకి వచ్చేసింది. మద్రాస్ హైకోర్టు ముగ్గురు మహిళా ఐపీఎస్ అధికారులతో ప్రత్యేక బృందం వేసి, ఆమెకి 25 లక్షల మధ్యంతర పరిహారం ఇవ్వమంది. దోషికి 2025లో జీవిత ఖైదు పడింది. ఆ ఎఫ్‌ఐఆర్‌ని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసినవాళ్లు మాత్రం మనలాంటి మామూలు మనుషులే, "అయ్యో పాపం" అని ఎమోజీ పెట్టి మరీ. మన కాలేజీ గ్రూపుల్లో "ఎవరా అమ్మాయి, ఏ బ్రాంచ్" అని వచ్చే మెసేజ్‌కి జవాబివ్వకండి.

ఒడిశా సంగతి చెప్పకుండా ఈ ఎపిసోడ్ ముగించలేను. కొంచెం బరువైన విషయం, వద్దనుకుంటే ఒక నిమిషం ముందుకి జరపండి. బాలాసోర్‌లో ఫకీర్ మోహన్ కాలేజీ. బీఈడీ చదివే ఇరవై ఏళ్ల అమ్మాయి తన హెచ్‌ఓడీ మీద ఫిర్యాదు చేసింది. కాలేజీలో చెప్పింది, బయటా చెప్పింది. తను చేయాల్సినదంతా చేసింది. 2025 జూలై 12న కాలేజీ ఆవరణలోనే నిప్పంటించుకుంది, 14న చనిపోయింది. హెచ్‌ఓడీని, ప్రిన్సిపాల్‌ని అరెస్టు చేశారు. ఆమె ఫిర్యాదు చేసిన రోజు నుంచి అతన్ని దూరంగా పెట్టే అధికారం కాలేజీకి ఉంది. ఇందాక చెప్పానే, విచారణ నడిచేటప్పుడు ఇవ్వాల్సిన రక్షణ అని. అది నిబంధనల్లో ఉంది. వాడలేదు. మీలో ఎవరికైనా ఇలాంటి ఆలోచనలు వస్తుంటే టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు.

చివరిగా, మీ ఫ్రెండ్ వచ్చి మీకు చెప్తే ఏం చేయాలో చెప్పేసి ఆపుతాను. "నువ్వెందుకెళ్లావ్ అక్కడికి?" అన్నది మొదటి మాట కాకూడదు. విని, "ఏం చేద్దామనుకుంటున్నావ్?" అని అడగండి. కంప్లైంట్ ఇవ్వాలా వద్దా అన్నది తన ఇష్టం. ఆ నిర్ణయం కూడా తన చేతుల్లోంచి లాక్కోకండి. ఇప్పుడు ఇవ్వకపోయినా, తేదీ, టైమ్, చోటు, ఎవరున్నారు అన్నది తనకి తానే ఒక మెయిల్ రాసి పెట్టుకోమనండి. చాట్‌లు డిలీట్ చేయొద్దని చెప్పండి, కోపంలో అందరం చేసే పని అదే. దాడి జరిగి ఉంటే ముందు ఆసుపత్రి. ఏ ఆసుపత్రి అయినా, ప్రభుత్వందైనా ప్రైవేటుదైనా, ఉచితంగా చికిత్స చేయాల్సిందే, ఎఫ్‌ఐఆర్ తెస్తేనే చూస్తాం అనకూడదు. ఐసీసీ, పోలీసులు, రెండు చోట్లకీ వెళ్లవచ్చు, ఒకటి ఎంచుకుంటే ఇంకోటి పోదు. పోలీసుల దగ్గరికి వెళ్తానంటే కాలేజీయే సాయం చేయాలని కూడా రాసి ఉంది. ఫిర్యాదు రాయడం చేతకాకపోతే కమిటీ వాళ్లే రాసిపెట్టాలి. తను రాయలేని స్థితిలో ఉంటే ఫ్రెండ్‌గా మీరు ఇవ్వవచ్చు. మహిళా హెల్ప్‌లైన్ 181, అర్జెంట్ అయితే 112.

రాజీ చేసుకోండమ్మా అని ఎవరైనా పెద్దమనిషి వస్తే, రాజీ అడగాల్సింది ఫిర్యాదు చేసిన మనిషే, వేరేవాళ్లు కాదు. డబ్బు మీద రాజీ అసలు కుదరదు. ఈ రెండు ముక్కలు గుర్తుంచుకోండి, మన వైపు ఇది ఎక్కువ.

ఫోటోలు, మార్ఫింగ్, 1930కి కంప్లైంట్ ఎలా పెట్టాలన్నది చాలా పెద్దది, దానికి వేరే ఎపిసోడ్ చేస్తున్నాం, వచ్చే వారం. ఈలోపు మీ కాలేజీ ఐసీసీ పేజీలో నంబర్ ఉంటే ఒకసారి కాల్ చేసి చూడండి, ఎవరైనా ఎత్తుతారేమో. ఉంటానండీ.